రాతిపువ్వు, వాల్తేరు, కరిగిరి

చిత్తూరులోనో తిరుపతిలోనో కిరాణా కొట్టుకు వెళ్లి బిరియానీ మసాలా దినుసులు కట్టమంటే లవంగాలు, చెక్క, అనాసపువ్వు, మరాఠీ మొగ్గతో పాటు బూడిద రంగులో అంచులు ముడుచుకుపోయిన ఎండు రేకులు కొన్ని పొట్లంలో పడతాయి. అదే రాతిపువ్వు. తమిళనాడు సరిహద్దు ఊళ్లలో కల్పాసి అన్నా కొట్టువాడికి తెలుస్తుంది. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ అది. బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో జనం దీన్ని వంటల్లో వాడతారన్న సంగతి వృక్షశాస్త్ర గ్రంథాలకు కూడా ఎక్కింది. ఈ రేకుల్లో ఉండే పదార్థాలను తయారుచేసేది ఒక శిలీంధ్రం. అలాంటి శిలీంధ్ర పదార్థాలను 1940లలో తెలుగునేల మీదే ఒక గొప్ప రసాయనశాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. అదే కాలంలో చిత్తూరు జిల్లాలో క్షయ రోగులకు దేశంలోనే పేరున్న ఆసుపత్రి ఒకటి ఉంది. జిల్లా పొలిమేర దాటితే ఇంకొన్నేళ్లకు కుష్ఠు రోగులకోసం మరో పరిశోధనాలయం వెలిసింది. ఒక సహజ పదార్థం మందు కావడానికి కావలసినవి ఇవే: పదార్థం, దాన్ని వేరుచేసే చెయ్యి, దాన్ని రోగుల్లో కొలిచి తేల్చగల ఆసుపత్రి, అవసరంలో ఉన్న రోగి. ఇవన్నీ మనకు దాదాపు ఒకే కాలంలో విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపే దారి మాత్రం ఎవరూ వేయలేదన్నదే ఈ వ్యాసం చేసే వాదన.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. లైకెన్ శిలీంధ్రమేనా? 1867లో స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్, లైకెన్ ఒకే జీవి కాదనీ ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కట్టిన కాపురమనీ ప్రకటించినప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది మండిపడ్డారు. ఆయన చెప్పిందే నిలిచింది. శైవలం ఎండలో ఆహారం తయారుచేస్తుంది, శిలీంధ్రం ఒళ్లు కట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది. మరే జీవిలోనూ అంతగా కనిపించని చేదు ఆమ్లాలు, రంగు పదార్థాలు తయారయ్యేది ఈ శిలీంధ్రంలోనే. శైవలాన్ని తీసేసి శిలీంధ్రాన్ని ఒక్కదాన్నే ప్రయోగశాలలో పెంచినప్పుడు కూడా ఇలాంటి పదార్థాలు తయారవడం తర్వాతి పరిశోధకులు చూశారు. కాబట్టి లైకెన్ రసాయనశాస్త్రం అంటే చాలావరకు శిలీంధ్ర రసాయనశాస్త్రమే.

రెండో సందేహం సముద్రానికి సంబంధించింది. ఇప్పుడు ప్రపంచమంతా సముద్ర శిలీంధ్రాల్లో మందులు వెతుకుతున్న కాలం. ఆ వెతుకులాటకు మూలపురుషుడిగా అందరూ చెప్పేది ఇటలీ వైద్యుడు జుసెప్పే బ్రోత్జును. సార్డీనియా ద్వీపంలోని కాల్యరి నగరంలో మురుగునీరు నేరుగా సముద్రంలో కలిసేది. ఆ నీళ్లలో కుర్రకారు ఈత కొట్టినా టైఫాయిడ్ అక్కడ ఇతర చోట్లంత తీవ్రంగా లేదని ఆయన గమనించాడు. 1945లో మురుగు కలిసే చోట సముద్రపు నీటినుంచి ఒక శిలీంధ్రాన్ని పట్టాడు, 1948లో ఆ వివరాలు అచ్చువేశాడు. ఆ శిలీంధ్రం ఆక్స్‌ఫర్డ్ చేరింది. ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ దానిలోంచి సెఫలోస్పోరిన్ సి ని వేరుచేశారు. 1964లో ఆ వరసలో మొదటి మందు బజారుకొచ్చింది. ఈ రోజు మన జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కించే సెఫ్ మందులన్నీ ఆ సంతానమే. అయితే ఆ శిలీంధ్రం అసలు సముద్రంలో పుట్టినదేనా, మురుగుతో నేలమీదనుంచి కొట్టుకొచ్చిందా అని అడిగితే రెండోదానికే ఎక్కువ అవకాశం ఉంది. అందుకే నేటి శాస్త్రజ్ఞులు జాగ్రత్తగా, సముద్రంనుంచి సేకరించిన శిలీంధ్రం అనే అంటారు. తీరానికీ నేలకూ మధ్య ఉన్న గీత ఈ జీవులకు అంత గట్టిది కాదు. మన తూర్పు తీరంలో ఉప్పుగాలి తగిలే చెట్ల మీద, మడ చెట్ల కాండాల మీద వేలాడే రోసెల్లా మాంటాన్యీ అనే లైకెన్ సరిగ్గా ఆ గీత మీద బతికే శిలీంధ్రం. మన కథలో అసలు పాత్ర దానిదే.

రోసెల్లా జాతికి మందు చరిత్రకంటే ముందు రంగు చరిత్ర ఉంది. మధ్యయుగాల్లో ఫ్లోరెన్స్ నగర వర్తకులు మధ్యధరా తీరపు రోసెల్లాను పులియబెట్టి ఊదారంగు తీసేవారు. లైకెన్‌ను పొడిచేసి, అమ్మోనియా కోసం నిలవ మూత్రం పోసి, వారాల తరబడి గాలి తగిలేలా కలుపుతూ పోతే బూడిద రంగు ముద్ద ఊదాగా మారుతుంది. ఆ వ్యాపారంలో గడించిన ఒక కుటుంబం రుచెల్లాయి అనే ఇంటిపేరుతో నగరంలో పెద్ద వంశమైంది. మధ్యధరా సరుకు చాలక వర్తకులు కెనరీ ద్వీపాలకు, కేప్ వెర్డ్‌కు, ఆ తర్వాత ఆఫ్రికా తూర్పు తీరానికి, సింహళానికి వెళ్లారు. 1856లో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదారంగు తయారుచేశాక ఆ వ్యాపారం క్రమంగా చచ్చిపోయింది. మిగిలిందల్లా బడిపిల్లలు ఆమ్లమో క్షారమో తేల్చడానికి ముంచే లిట్మస్ కాగితం. దాని రంగు కూడా రోసెల్లాదే. ఈ వ్యాపారం పోతూ పోతూ శాస్త్రానికి ఒక ఆస్తి వదిలిపెట్టింది. రంగు ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికే 1829లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు రోబికే ఆర్సినాల్‌ను వేరుచేశాడు. 1866లో లైకెన్ శాస్త్రజ్ఞుడు నైలాండర్, బ్లీచింగ్ ద్రావణం చుక్క వేస్తే కొన్ని లైకెన్లు ఎర్రబడతాయని చూపించాడు. ఆ చుక్క పరీక్ష ఇప్పటికీ లైకెన్లను గుర్తుపట్టేవాళ్ల చేతిలో ఉంది.

ఈ ఆస్తిని తెలుగునేల మీదికి తెచ్చింది విశాఖపట్నంలోని వాల్తేరు. 1931నుంచి 1936 దాకా అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టిన తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటినుంచి 1960 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. ఆయన బడి చదువు కొంత తిరుపతిలో సాగింది. తత్వశాస్త్ర పండితుడైనా విజ్ఞానశాస్త్ర శాఖలు పెట్టించడానికి ఆయన పట్టుబట్టాడు, జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళంతో సైన్సు కళాశాల నిలబడింది. 1934లో అక్కడికి వచ్చినవాడు తిరువెంకట రాజేంద్ర శేషాద్రి. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన మనిషి. ఖరీదైన పరికరాలు లేని చోట ఏం చేయవచ్చో ఆలోచించి, చుట్టుపక్కల దొరికే మొక్కల మీద, పువ్వుల రంగుల మీద, లైకెన్ల మీద పనికి దిగాడు. 1940నుంచి భారతీయ లైకెన్ల రసాయన పరిశోధన అనే వరస వ్యాసాలు ఆయన బృందంనుంచి రావడం మొదలైంది. తొలి లైకెన్ రోసెల్లా మాంటాన్యీయే.

ఆ పని ఎలా ఉండేదో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. ఎండబెట్టిన లైకెన్‌ను పొడిచేసి ముందు పెట్రోలియం ఈథర్‌తో, తర్వాత ఈథర్‌తో, ఆపైన అసిటోన్‌తో వరసగా కడుగుతారు. ఒక్కో ద్రావకంలోకి ఒక్కో రకం పదార్థం దిగుతుంది. దాన్ని ఆరబెట్టి, మళ్లీ కరిగించి, చల్లార్చి, స్ఫటికాలు తేలేదాకా ఓపిక పట్టాలి. ద్రవీభవన స్థానం రెండు మూడుసార్లు స్థిరంగా వస్తేనే పదార్థం శుద్ధమైనట్టు. తర్వాత దాన్ని క్షారంతో ముక్కలుచేసి, ఏ ముక్క ఏదో గుర్తుపట్టి, ఆ ముక్కలనుంచి మొత్తం నిర్మాణాన్ని ఊహించాలి. ఇప్పటి యంత్రం ఒక పూటలో చెప్పేదానికి అప్పుడు నెలలు పట్టేవి. ఇలా రోసెల్లాలో ఎరిథ్రిన్, లెకనోరిక్ ఆమ్లం, రోసెల్లిక్ ఆమ్లం ఉన్నాయని తేల్చారు. వాటితో పాటు అంతకుముందు ఎవరూ వర్ణించని ఒక పదార్థం దొరికింది. లైకెన్ పేరు మీదుగానే దానికి మాంటాన్యెటాల్ అని పేరు పెట్టారు. ఎరిథ్రిటాల్ అనే చక్కెర మద్యానికి ఆర్సెల్లినిక్ ఆమ్లం ఒకటి అతికితే ఇది, రెండు అతికితే ఎరిథ్రిన్. ఈలోగా యుద్ధం మీద పడింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. పని ఆగలేదు. లైకెన్ పదార్థాలు జీవకణంలో ఎలా తయారవుతాయో వివరిస్తూ 1944లో శేషాద్రి ఒక సిద్ధాంతమే ప్రతిపాదించాడు. 1960ల తొలినాళ్లలో స్వీడన్‌లో మోస్‌బాక్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తులు పెట్టిన కార్బన్‌తో జరిపిన ప్రయోగాలు వేరే దారి చూపాయి, అసిటేట్ ముక్కలే ఇటుకలని తేలింది. శేషాద్రి సిద్ధాంతం పక్కకు పోయినా ఆయన వేరుచేసిన పదార్థాలు, కొలతలు అలాగే నిలిచాయి.

సరిగ్గా ఇదే కాలంలో వేల మైళ్ల దూరాన డబ్లిన్‌లో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడాలి. అక్కడ కూడా థామస్ నోలన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడి బృందం 1930లలో ఐర్లండు లైకెన్ల మీద శేషాద్రి బృందం చేసినలాంటి పనే చేసింది. వాళ్లు నిర్మాణం తేల్చడానికి శ్రమించిన వాటిలో డిప్లాయిసిన్ ఒకటి. అదే ఊళ్లో విన్సెంట్ బ్యారీ క్షయకు మందు వెతుకుతున్నాడు. 1944లో అమెరికాలో బర్క్‌హోల్డర్ బృందం 42 లైకెన్లను పరీక్షించి 27 రకాలు బాక్టీరియాను అణచగలవని చూపించింది. బ్యారీ డిప్లాయిసిన్‌ను తీసుకున్నాడు, రోసెల్లిక్ ఆమ్లాన్నీ తీసుకుని దాని ఉత్పన్నాలు తయారుచేసి క్షయ క్రిమిమీద ప్రయోగించాడు. డిప్లాయిసిన్ ముక్కల ఆకారాన్ని పోలిన పదార్థాలు కృత్రిమంగా కట్టుకుంటూ, ఒక్కోటీ పరీక్షిస్తూ పోతే, వాటిలో ఒకటి ఆక్సీకరణ చెంది ఎర్రటి స్ఫటికాలిచ్చింది. ఆ ఎర్రటి వరసలోనే 1954లో బి663 పుట్టింది. ఎలుకల్లో క్షయమీద అద్భుతంగా పనిచేసి, పెద్ద జంతువుల్లో తేలిపోయింది. మరొకరైతే అక్కడ వదిలేసేవారు. క్షయ క్రిమికి దగ్గరి చుట్టమైన కుష్ఠు క్రిమిమీద ప్రయత్నించగా 1962లో నైజీరియానుంచి మంచి ఫలితాలు వచ్చాయి. దాని పేరే క్లోఫాజిమిన్.

రోసెల్లిక్ ఆమ్లం మన తీరపు రోసెల్లాలోనూ ఉంది, దాన్ని వాల్తేరు సీసాల్లో పెట్టిందీ ఆ దశాబ్దంలోనే. ఇక క్షయ రోగులు ఎక్కడున్నారు? వాల్తేరూ మదనపల్లీ అప్పట్లో ఒకే మద్రాసు రాష్ట్రంలోవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు ప్రొటెస్టంట్ మిషన్లు కలిసి పెట్టిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం 1915నుంచి పనిచేస్తోంది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందు ఆ ఆసుపత్రి చేతిలో ఉన్నవి పొడి గాలి, విశ్రాంతి, పోషకాహారం, ఊపిరితిత్తిని కుదించే శస్త్రచికిత్స. అయినా రోగుల వివరాలు పద్ధతిగా రాసే అలవాటు ఉంది. 1948 ఆగస్టులో దేశంలో బి.సి.జి. టీకా మొదలైంది మదనపల్లెలోనే. 1950నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెజనంలో క్షయ వ్యాప్తి మీద ఆ సంస్థ జరిపిన పరిశీలన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. అంటే మందును మనుషుల్లో కొలిచి తేల్చగల క్రమశిక్షణ మనకు అప్పటికే ఉంది. వాల్తేరుకూ ఆరోగ్యవరానికీ మధ్య ఉండాల్సిన మెట్టు, క్రిమిని పళ్లెంలో పెంచి, ఎలుకకు ఎక్కించి, వాల్తేరు సీసాలను ఒక్కొక్కటిగా దానిమీద ప్రయోగించే చిన్న గది, అది లేదు. డబ్లిన్‌లో ఉన్నదీ, మనకు లేనిదీ ఆ గది ఒక్కటే.

కథ అక్కడితో ఆగలేదు. చిత్తూరుకు దక్షిణాన, కాట్పాడి దగ్గర, 1911కు ముందు చిత్తూరే ముఖ్యపట్టణంగా ఉన్న పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కరిగిరి ఉంది. 1950ల నడుమ అక్కడ వెలసిన షీఫెలిన్ కుష్ఠు పరిశోధనాలయంలో 1970 ప్రాంతంలో క్లోఫాజిమిన్‌ను రోగికీ వైద్యుడికీ ఎవరికి ఏ మందు అందుతోందో తెలియని పద్ధతిలో పరీక్షించారు. కుష్ఠులో ఒళ్లంతా కణుతులు, జ్వరం, నొప్పులతో వచ్చే ప్రతిచర్యను ఆ మందు అదుపు చేయగలదని ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రోగులకు అది మామూలు ఊరట కాదు. అప్పటిదాకా ఆ ప్రతిచర్యకు స్టెరాయిడ్లే గతి, వాటిని మాన్పించడమే పెద్ద కష్టం. అయితే క్లోఫాజిమిన్ చర్మాన్ని ఎర్రగా, తర్వాత నల్లగా మారుస్తుంది. ముఖం చూసి ఊరు గుర్తుపట్టే జబ్బులో ఆ రంగు ఎంత బాధపెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ చికిత్స పల్లె పల్లెకూ వెళ్లాక 2005 చివరికి దేశంలో కుష్ఠు పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు దిగింది. మందులకు లొంగని క్షయకు ఇప్పుడు వాడే మందుల జాబితాలో కూడా క్లోఫాజిమిన్ చేరింది. బ్యారీ మొదట ఏ జబ్బుకోసం లైకెన్ పట్టుకున్నాడో చివరికి ఆ జబ్బుకే అది పనికొస్తోంది.

దీనికి రాగల అభ్యంతరాలు చిన్నవి కావు. క్లోఫాజిమిన్ కర్మాగారంలో తయారయ్యే కృత్రిమ పదార్థం, దాన్ని లైకెన్ ఖాతాలో వేయడమేమిటని ఒకటి. నిజమే, ఏ లైకెన్‌లోనూ క్లోఫాజిమిన్ లేదు. కానీ రసాయనశాస్త్రజ్ఞుడు ఏ ఆకారం వైపు వెళ్లాలో చూపింది లైకెన్ పదార్థం. నిర్మాణం తెలియని పదార్థం ఎవరికీ దారి చూపలేదు. నోలన్ బృందం శ్రమ లేకపోతే బ్యారీకి మొదలుపెట్టే చోటే లేదు. వాల్తేరు పదార్థాలు పరీక్షించినా ఏమీ దొరికేది కాదేమో అన్నది రెండోది. దొరికేదని నేను అనడం లేదు. బ్యారీకి కూడా లైకెన్ పదార్థం మందుగా దొరకలేదు. వేరుచేసేవాడూ పరీక్షించేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్ల ప్రతి విఫల ప్రయోగం తర్వాతి ప్రయోగానికి ఆధారమైంది. మనకు అలాంటి వైఫల్యాలు కూడా దక్కలేదు. మూడోది పేదరికం, పరాయి పాలన, యుద్ధం. ఇది బలమైన అభ్యంతరం, సగం ఒప్పుకోవాలి. పింప్రిలో పెన్సిలిన్ కర్మాగారం పెట్టుకోవడానికే మనకు 1954 దాకా పట్టింది. అయితే బ్యారీ ప్రయోగశాలేమీ సంపన్న దేశపు పెద్ద కంపెనీ కాదు, కొత్తగా స్వతంత్రమైన చిన్న దేశపు చిన్న వైద్య పరిశోధనశాల. ఆరోగ్యవరం పల్లెపల్లెకూ తిరిగి లెక్కలు తీయగలిగినప్పుడు, వాల్తేరు గుంటూరులో సర్దుకుని కూడా స్ఫటికాలు తీయగలిగినప్పుడు, నడిమి గది ఒకటి అసాధ్యం కాదు. దాన్ని అడిగినవాళ్లే లేరు.

అన్నీ ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో చూపడానికి మరో తెలుగువాడే సాక్ష్యం. భీమవరంలో పుట్టి 1923లో అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు అధిపతిగా మట్టి నమూనాలు సేకరించేవాళ్లనూ, పదార్థం వేరుచేసేవాళ్లనూ, జంతువుల్లో పరీక్షించేవాళ్లనూ, వైద్యులనూ ఒక వరసలో నిలబెట్టాడు. బెంజమిన్ డగ్గర్ మట్టిలో పట్టిన సూక్ష్మజీవినుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు. 1953లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ మురుగునీటిని శుద్ధిచేసే వడపోత గుట్టల్లో దొరికిన ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు.

రాతిపువ్వు మీద ప్రేమతో దాన్ని సర్వరోగ నివారిణి అనేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఆయుర్వేదంలో శైలేయంగా దీనికి చోటుంది, వంటలో దీని సుగంధం తిరుగులేనిది, కానీ దీన్ని క్షయకో కుష్ఠుకో మందుగా మన పెద్దలు వాడారనడానికి ఆధారం లేదు. సహజం కాబట్టి హానిలేదన్న నమ్మకమూ చెల్లదు. లైకెన్ల పదార్థాల్లో పేరుమోసిన ఉస్నిక్ ఆమ్లం నిజంగా బాక్టీరియాను అణచుతుంది, యూరప్‌లో పైపూతగా వాడారు. అదే ఆమ్లం ఉన్న సన్నబడే మాత్రలు మింగినవాళ్ల కాలేయాలు దెబ్బతినడంతో 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేయాల్సివచ్చింది. క్రిమిమీద పనిచేసే పదార్థం ఒంటికి మేలే చేయాలని లేదు, అది తేల్చేది పరీక్షే.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాకు శేషాచలం కొండలతో పాటు శ్రీహరికోట తీరం, పులికాట్ సరస్సు కూడా వచ్చాయి. కొండమీద లైకెన్, తీరంలో ఉప్పునీటి శిలీంధ్రం, రెండూ ఒకే జిల్లాలో దొరికే చోటిది. గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల్లో ఏయే శిలీంధ్రాలు ఏయే చెట్ల మీద ఉన్నాయో మద్రాసు విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులు శర్మ, విట్టల్ 2000 ప్రాంతంలో ఓపికగా లెక్కతీసి అచ్చువేశారు. అలాంటి లెక్క దక్షిణాన పులికాట్‌కూ కావాలి. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐసర్, ఐఐటీ, వైద్య కళాశాలలు, స్విమ్స్ అన్నీ తిరుపతిలోనో దాని చుట్టుపక్కలో ఉన్నాయి. వాల్తేరుకూ మదనపల్లెకూ మధ్య ఉన్న దూరం ఇక్కడ లేదు. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి గోనెసంచులతో ఊడ్చుకురావడం కూడదు, చిటికెడు తెచ్చి దాని పేరు, దొరికిన చోటు, తేదీ రాసి, శుద్ధిచేసిన ప్రతి పదార్థాన్నీ ఉపయోగం తెలిసినా తెలియకపోయినా సీసాలో పెట్టి దాచాలి. ఆ సీసాలను పరీక్షించే గది ఒకటి ఈ సంస్థలన్నీ కలిసి తిరుపతిలో తెరవాలి.